ఆధార్ తాళంలో రెండు ప్రధాన సంఖ్యలు

2018 మార్చిలో ఆధార్ కేసు విచారణ సాగుతుండగా, విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ అప్పటి సీఈఓ అజయ్ భూషణ్ పాండే ఢిల్లీలో సుప్రీంకోర్టు ముందు ఒక మాట చెప్పారు. ఆధార్ సమాచారానికి వేసిన 2048 బిట్ల తాళాన్ని విప్పాలంటే అత్యంత వేగవంతమైన కంప్యూటర్‌కైనా విశ్వం వయసు చాలకపోవచ్చని. అంత ధీమా దేన్ని చూసుకుని? రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని.

ఆర్‌ఎస్‌ఏ అనే ఈ పద్ధతిలో, 308 లేదా 309 అంకెలుండే రెండు ప్రధాన సంఖ్యలను గుణిస్తారు. వచ్చే 617 అంకెల లబ్ధం బహిరంగం. దాని కారణాంకాలే రహస్యం. 2024లో దొరికిన అతిపెద్ద ప్రధాన సంఖ్యకు 4,10,24,320 అంకెలున్నాయి గానీ, తాళానికి అది పనికిరాదు. అందరికీ తెలిసిపోయింది కదా!

మరి రహస్య సంఖ్యను ఎక్కడ వెతకాలి? ఈ పరిమాణంలో సుమారు 710 సంఖ్యలకు ఒకటి ప్రధాన సంఖ్య. సరి సంఖ్యలను వదిలేస్తే 355కి ఒకటి. కాబట్టి యాదృచ్ఛికంగా ఒక్కో సంఖ్యను తీసుకుని పరీక్షిస్తూ పోతే చాలు.

పరీక్ష అంటే భాగహారాలు చేసుకుంటూ కూర్చోవడం కాదు. p అనేది 2 కాని ప్రధాన సంఖ్య అయితే, 2ను (p−1) సార్లు గుణించి p తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. ఇది 17వ శతాబ్దంలో ఫెర్మా చెప్పిన ధర్మం. 91ని చూడండి. 2ను 90 సార్లు గుణించి 91తో భాగిస్తే శేషం 64. అంటే 91 ప్రధాన సంఖ్య కాదు. దాని కారణాంకాలు 7, 13 అని మాత్రం ఈ లెక్క మనకు చెప్పలేదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది: ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చడం తేలిక, కారణాంకాలు విడదీయడం కష్టం.

ఫెర్మా పరీక్షనూ బురిడీ కొట్టించే సంఖ్యలున్నాయి. 341 అంటే 11×31, అయినా శేషం 1 వస్తుంది. అందుకే కంప్యూటర్లు మరింత కఠినమైన మిల్లర్-రాబిన్ పరీక్షను వాడతాయి. ఒక్కసారి చేస్తే పొరబడే అవకాశం పావు వంతుకు మించదు. 40 సార్లు చేస్తే కోటి కోటి కోట్లలో ఒక వంతు కూడా ఉండదు. అణుమాత్రం సందేహం మిగలకుండా, అంకెలు పెరిగినా సమయం అదుపు తప్పకుండా తేల్చే పద్ధతిని 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుగొన్నారు. కయాల్, సక్సేనా అప్పుడే బీటెక్ ముగించిన కుర్రాళ్లు! ఆచరణలో అది నెమ్మది కాబట్టి యంత్రాలు నేటికీ పాత పరీక్షనే నమ్ముకున్నాయి.

ఇక కారణాంకాల సంగతి. 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్యను 2020లో విడదీయడానికి, ఒకే ప్రాసెసర్ కోర్ మీద చేస్తే దాదాపు 2,700 ఏళ్లు పట్టేంత గణన అవసరమైంది. 617 అంకెలంటే ఊహకు అందదు. అయితే విశ్వం వయసు లెక్క ఇప్పుడు తెలిసిన పద్ధతులకే వర్తిస్తుంది. త్వరగా విడదీసే దారి లేనే లేదని ఎవరూ నిరూపించలేదు. పైగా, తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఉంటే ఆ పని సాధ్యమేనని 1994లోనే పీటర్ షోర్ చూపించారు. అలాంటి యంత్రం ఇంకా లేదు. కానీ ఈరోజు కాజేసి దాచిన సమాచారాన్ని అది వచ్చాక తెరవొచ్చు. పాస్‌వర్డ్ అయితే మార్చుకుంటాం, వేలిముద్రను ఏం చేస్తాం?

అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2024 ఆగస్టులో విడుదల చేసిన మూడు కొత్త ప్రమాణాలు కారణాంకాల మీద ఆధారపడవు.