షుగర్ ఉన్నవారి కాలి పుండు: ఎలా చూడాలి, ఎలా మాన్పుకోవాలి?

షుగర్ ఉన్నవారికి కాలిమీద పుండు కనిపించగానే ఇంట్లో వినిపించే మాట, "నొప్పేం లేదులే, అదే మానిపోతుంది." భయపడాల్సింది ఆ మాటకే. ఏళ్ల తరబడి షుగర్ అదుపు తప్పితే పాదాల నరాలు మొద్దుబారతాయి. చెప్పులో రాయి గుచ్చుకున్నా, ఎండాకాలం గుడి బండలు కాల్చినా, నిద్రలో ఎలుక కొరికినా తెలియదు.

మొదట స్పర్శ ఉందో లేదో చూడండి. పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. రెండు కాళ్లకూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను మీ వేలితో ఒకటి రెండు సెకన్లు తేలికగా తాకండి. నొక్కొద్దు, రాయొద్దు. ఆరు చోట్లలో రెండు, అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియలేదంటే స్పర్శ తగ్గినట్టే. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు తెచ్చిన పరీక్ష ఇది. పైసా ఖర్చుండదు.

తర్వాత పుండు సంగతి. చేతులు సబ్బుతో కడుక్కుని, మంచి వెలుతురులో అరికాలు, మడమ, వేళ్ల సందులు అన్నీ చూడండి. పుండు పక్కన స్కేలు పెట్టి ఫోనులో ఫొటో తీసి, వారానికోసారి పోల్చుకోండి. చుట్టూ ఎర్రదనం ఉంటే దాని అంచున పెన్నుతో గీత గీయండి. చామనచాయ, నలుపు ఒంటిమీద ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి అరచేతి వెనకవైపుతో రెండు పాదాలనూ తాకి ఏది వేడిగా ఉందో, ఏది వాచిందో చూడాలి. వాపుంటే మెట్టెలు వెంటనే తీసేయండి.

ఏ పుండునైనా ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించాల్సిందే. చీము, దుర్వాసన, చలిజ్వరం, పుండు అంచు దాటి 2 సెంటీమీటర్లకు మించి పాకిన ఎరుపు, లోపల ఎముక కనబడడం, వేలు నల్లబడడం, పాదం చల్లబడడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లారేదాకా ఆగొద్దు.

కట్టు మార్చడం కష్టమేమీ కాదు. మందుల షాపులో దొరికే సెలైన్‌తో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డతో అద్ది, డాక్టరు చెప్పిన కట్టు బిగుతు లేకుండా కట్టండి. పసుపు, కాఫీపొడి, సున్నం, ఆకు పసర్లు వద్దు. వేడినీళ్లలో కాలు పెట్టనివ్వొద్దు, కాలినా తెలియదు. ఆనెలను బ్లేడుతో కోయొద్దు, ఆనెల పట్టీలూ అంటించొద్దు, వాటిలోని యాసిడ్ చర్మాన్ని తినేస్తుంది. సొంతంగా యాంటీబయాటిక్స్ కొని వాడొద్దు. ఇన్ఫెక్షన్ లేని పుండుకు వాటి అవసరమే లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనదాన్నే చాలామంది వదిలేస్తారు. అరికాలి పుండుమీద బరువు పడకూడదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, స్పర్శ లేని పాదాల్లో పుండ్లకు అసలు కారణం తెలియకుండా పదేపదే పడే ఒత్తిడేనని చూపించారు. పాదానికి అతుక్కునేలా పిండికట్టు వేసి వాటిని మాన్పించారు. షుగర్ పుండ్లకూ ఈనాటికీ అది గట్టి వైద్యమే. అయితే రక్తప్రసరణ, ఇన్ఫెక్షన్ చూసి డాక్టరే వేయాలి. ఎంత ఖరీదైన కట్టు కట్టినా రోజంతా అదే కాలిమీద నడిస్తే పుండు మానదు. మంచం పక్కనే కమోడ్ కుర్చీ, నడవడానికి వాకర్, కూరలు తరుక్కోవడానికి కుర్చీ అమర్చండి. "బాత్రూమ్‌దాకానే కదా" అన్న నాలుగడుగులూ లెక్కలోకే వస్తాయి. స్పర్శ పోయినవారు అయ్యప్ప దీక్ష తీసుకోదలిస్తే 41 రోజులు వట్టికాళ్లతో నడిచే విషయం గురుస్వామితోనూ డాక్టరుతోనూ ముందే మాట్లాడాలి.

నాలుగు వారాలకు పుండు సగానికి తగ్గకపోతే అదే కట్టుతో కాలం గడపకండి. కాళ్ల రక్తనాళాలకు డాప్లర్ పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. బీడీ, సిగరెట్ మానాలి. షుగర్ అదుపులో ఉండాలి.

మానిన పుండు ఏడాదిలోపే ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి తిరగబెడుతుంది. అందుకని మానాక కూడా ఇంట్లోనూ బయటా మెత్తని ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు వాడాలి. కాలు పెట్టేముందు చెప్పులు దులిపి, లోపల చేత్తో తడిమి చూడాలి. అరికాలు వంగి చూసుకోలేనివాళ్లకు రోజూ రాత్రి ఇంట్లో ఒకరు చూసిపెట్టాలి.