పరిశోధన వెనుక కథలు



ఆళ్లగడ్డ హాస్టల్లో పదో తరగతి, నంద్యాల హాస్టల్లో డిగ్రీ పూర్తి చేసి ఇప్పుడు పి.జి. చదువుతున్నాం. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమన్నారు. పాఠ్యపుస్తకంలో దొరకని పాఠం రాద్దామనుకున్నాం.

ముందుగా మా తప్పు చెబుతాం. డిగ్రీ ల్యాబులో రీడింగు సరిగా రాకపోతే సీనియర్ల రికార్డు చూసి 'సరైన' అంకె వేసేవాళ్లం. మార్కులు పోతాయని భయం. శాస్త్రవేత్తలకు తప్పులు రావని, మనకే వస్తాయని నమ్మకం. పరిశోధకులు తమ పని నిజంగా ఎలా జరిగిందో చెప్పుకున్న సంగతులు చదివాక ఆ నమ్మకం పోయింది. వాటిలో రెండు మన పక్కనే జరిగాయి.

జ్వాలాపురం బూడిద

మన నంద్యాల జిల్లాలో బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ బూడిద సముద్రం దాటి ఇక్కడ పడింది. ఆకాశం నుంచి నేరుగా పడింది కొద్ది మందమే. మిగిలినది చుట్టుపక్కల నుంచి నీటికి కొట్టుకొచ్చి పేరుకుంది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం ఇక్కడ తవ్వకాలు జరిపి 2007లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించింది. బూడిద పొర కింద, పైన దొరికిన రాతి పనిముట్లు ఒకే తీరుగా ఉన్నాయి. కాబట్టి మనుషులు ఆ ఉపద్రవాన్ని తట్టుకుని ఉంటారని వారి అభిప్రాయం.

దీని వెనుక కథ ఏమిటంటే, శుభ్రం చేసే పొడుల తయారీకని ఊరివాళ్లు ఆ బూడిదను తవ్వి అమ్మేవారు. ఆ గుంతల గోడల్లోనే పొరలు బయటపడ్డాయి. మా నాయన బేతంచెర్ల నాపరాళ్ల గనిలో కూలి. గడ్డపార చప్పుడును బట్టే రాయి మారిందని చెబుతాడు. ఆ చప్పుడు కూడా ఒక చదువేనని మాకు అప్పుడు తోచింది.

పొర వయసు తేల్చే పద్ధతి కూడా తెలుసుకోదగ్గది. ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో లెక్కగడతారు. అందుకు గొట్టాన్ని గోడలోకి దిగగొట్టి, వెలుగు చొరకుండా మూసి, చీకటి గదిలో తెరుస్తారు. వెలుగు తగిలితే ఆ శ్రమ వృథా. ఇంతా చేసి బూడిద కింది పొర వయసును 77,000 ఏళ్లు అని ఊరుకోలేదు. అటూ ఇటూ 6,000 ఏళ్ల తేడా ఉండవచ్చని కూడా రాశారు. మేము రికార్డులో దాచినదాన్ని వాళ్లు అచ్చువేశారు! 2009లో వేరే శాస్త్రవేత్తలు పుప్పొడి రేణువులు పరీక్షించి, పేలుడు తరువాత అడవులు తగ్గాయని వాదించారు. అంటే చర్చ అక్కడితో ముగియలేదు.

కలివికోడి

ఆళ్లగడ్డ నుంచి కడప దారిలో మైదుకూరు దాటితే లంకమల కొండలు వస్తాయి. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో అక్కడే దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ ఊళ్లలో వేటగాళ్లను అడుగుతూ తిరిగారు. చివరికి పక్షిని రాత్రిపూట పట్టింది రెడ్డిపల్లె ఐతన్న. పట్టిన పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. ఆ సంగతినీ దాచలేదు.

అది రాత్రులు తిరిగే పక్షి. అందుకని 2000 తరువాత పి. జెగనాథన్ బృందం పొదల మధ్య నేల చదును చేసి, మెత్తని మట్టి పరిచి, అడుగుల ముద్రలు వెతికింది. వాటిని ఇతర పక్షుల అడుగులతో పోల్చి చూసేవారు. కెమెరాలు కూడా అమర్చారు. పక్షి కంటికి కనబడకుండానే దాని జాడ కనిపెట్టే పని ఇది.

మనం చేయవలసింది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! తప్పిన రీడింగును కొట్టేయకండి. పక్కన ఎందుకు తప్పిందో రాయండి. సాయం చేసినవారి పేరు రాయండి. ఈ ఏడాది మా ప్రాజెక్టులో మూడు వారాల రీడింగులు పాడయ్యాయి. ఉన్నది ఉన్నట్టే రాసి ఇచ్చాం. మార్కులు ఎన్ని వస్తాయో ఇంకా తెలియదు.

ఐతన్న పేరు నిలిచింది. జ్వాలాపురంలో ఆ గుంతలు తవ్వినవారి పేర్లు మాత్రం మేము చదివినవాటిలో కనబడలేదు. మన ఇళ్ల నుంచి ఎవరైనా పరిశోధనకు వెళితే అలాంటి పేర్లు రాయడం మరిచిపోరని మా ఆశ. ఆ వెళ్లేవారు మీలోనే ఉండాలి.