అరవై ఒకటికీ డెబ్భైకీ మధ్య: పదవీ విరమణ వేళ ఆరోగ్య బీమా



ఉద్యోగం నుండి దిగిపోయే రోజున శాలువా కప్పుతారు, దండ వేస్తారు, గ్రాట్యుటీ లెక్క చేతికిస్తారు. ఆ రోజు దాకా జ్వరమొచ్చినా, గుండెనొప్పి వచ్చినా కంపెనీ దవాఖానో, ఈఎస్ఐ ఆసుపత్రో చూసుకునేది. మరునాటి నుండి ఎవరు చూసుకుంటారు? ఈ ప్రశ్న చాలా ఇళ్ళలో మొదటి జబ్బు వచ్చాకే పుడుతుంది. అప్పటికి కొన్ని తలుపులు మూసుకుపోయి ఉంటాయి. కాబట్టి ఈ వారం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విచారణలలోని కుటుంబాలకు పనికివచ్చేలా ఈ సంగతి నేర్చుకుందాం.

ముందు వయస్సు లెక్క చూద్దాం. సింగరేణిలోనూ, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలలోనూ 2021 నుండి పదవీ విరమణ వయస్సు 61. ప్రైవేటు ఫ్యాక్టరీలలో సాధారణంగా 58. ఆదాయంతో నిమిత్తం లేకుండా వృద్ధులందరికీ కేంద్ర ప్రభుత్వం ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు 70 నిండితే గాని రాదు. అంటే ఒకరికి తొమ్మిదేళ్ళు, మరొకరికి పన్నెండేళ్ళు ఖాళీ. బీపీ, షుగరు, మోకాళ్ళు, కంటి పొర, గుండె, అన్నీ తలుపు తట్టేది సరిగ్గా ఆ ఏళ్ళలోనే. ఈ ఖాళీని దేనితో పూడ్చాలన్నదే అసలు సమస్య.

రేషన్ కార్డు ఉన్నవారికి ఆ ఖాళీ చాలావరకు లేనట్టే. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాలతో మొదలైన ఆరోగ్యశ్రీ నేడు తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాలకు వర్తిస్తుంది. 2023 డిసెంబరు 9 నుండి కుటుంబానికి ఏడాదికి ఇచ్చే పరిమితిని 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెంచారు. పాత జబ్బు ఉందని నిరాకరించడం గాని, ప్రీమియం గాని ఇందులో లేవు. మన పొలం పనివారికీ, నేతపనివారికీ, జీవితమంతా విచారణకు సేవ చేసి పింఛను లేకుండా మిగిలిన ఉపదేశులకూ ఇదే పెద్ద అండ.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కొడుకు వేరు కాపురం పెట్టి కొత్త కార్డు తీసుకున్నప్పుడు తల్లిదండ్రుల పేర్లు ఏ కార్డులో ఉన్నాయి? పాత కార్డులోనా, కొత్తదానిలోనా, లేక రెంటిలోనూ లేవా? 2025లో కొత్త కార్డులు ఇచ్చారు గనుక ఈ పరిశీలన ప్రతి ఇంట్లో జరగాలి. ముసలివాళ్ళకు బియ్యం ఎక్కడైనా దొరుకుతాయిలే అని ఊరుకునే ఇళ్ళున్నాయి. ఆ కార్డు బియ్యానికి మాత్రమే కాదు, ఆపరేషనుకు కూడా. ఆదాయ పరిమితి గ్రామంలో ఏడాదికి లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు. ఒక మోస్తరు పింఛను వచ్చినా ఆ గీత దాటిపోతుంది.

ఇక సింగరేణి వారి సంగతి. భూపాలపల్లి కాకతీయ గనులలో పనిచేసి దిగిన కార్మికులకు పదవీ విరమణ అనంతర వైద్య పథకం ఉంది. దాన్ని సీపీఆర్ఎంఎస్ అంటారు. ఇది ఉచితం కాదు, చందా కట్టి చేరేది. 2017 నాటి పదో బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం కార్మికుడి వాటా ఒకేసారి 40,000 రూపాయలు, దంపతులిద్దరికీ కలిపి జీవితకాల పరిమితి 8 లక్షలు. జీవితకాలం అన్న మాటను మళ్ళీ చదవండి. ఆరోగ్యశ్రీ పరిమితి ఏటా కొత్తగా మొదలవుతుంది, ఇది అలా కాదు. ఒక్క పెద్ద గుండె ఆపరేషన్, ఒక్క మూత్రపిండాల జబ్బు ఆ మొత్తంలో ఎక్కువ భాగాన్ని తినేయగలదు. భర్త చికిత్సకే అంతా ఖర్చయితే, తర్వాత ఇరవై ఏళ్ళు బ్రతకవలసిన భార్యకు ఏమి మిగులుతుంది? కాబట్టి చిన్న చిన్న వాటికి ఈ కార్డు వాడకుండా, పెద్ద అవసరానికి దాచుకోవడం మంచిదని మా అభిప్రాయం. ఇంతవరకు ఎంత వాడారో, ఎంత మిగిలిందో ఏడాదికొకసారి ఆఫీసులో అడిగి రాసి పెట్టుకోండి. ఆ కాగితం ఎక్కడుందో ఇంటి ఇల్లాలికి తెలియాలి.

డోర్నకల్, మహబూబాబాద్, కాజీపేట ప్రాంతాలలో రైల్వే కుటుంబాలు చాలా ఉన్నాయి. పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగి ఒకేసారి చందా కట్టి ఆర్ఈఎల్‌హెచ్ఎస్ అనే పథకంలో చేరితే, తనకూ భార్యకూ రైల్వే ఆసుపత్రి వైద్యం జీవితాంతం కొనసాగుతుంది. దిగే సమయంలో కాగితాల హడావుడిలో దీన్ని పక్కన పెట్టవద్దు. ఆసుపత్రికి దూరంగా ఉండేవారు బయటి రోగుల సేవకు బదులు నెలకు 1,000 రూపాయల భత్యం తీసుకోవచ్చు. అయితే షుగరు, బీపీ మందులకు నెలకు ఎంతవుతున్నదో లెక్క వేసుకున్నాకే ఆ వెయ్యిని ఎంచుకోవాలి.

చాలామందికి తెలియని మరొక తలుపు ఈఎస్ఐ. హైదరాబాదు ఫ్యాక్టరీలలో ఏళ్ళ తరబడి పనిచేసి జనగామ దగ్గర సొంత ఊరికి తిరిగి వచ్చినవారు మన విచారణలలో ఎందరో. కనీసం అయిదేళ్ళు ఈఎస్ఐ బీమాలో ఉండి, వయస్సు నిండి పదవీ విరమణ చేసినవారు నెలకు 10 రూపాయల చొప్పున, అంటే ఏడాదికి 120 రూపాయలు ముందుగా కడితే, భార్యాభర్తలిద్దరికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. నూట ఇరవై రూపాయలు! పండుగనాడు పిల్లలకిచ్చే పటాకుల ఖర్చు కూడా కాదు. పనిచేసిన సంస్థ నుండి సర్వీసు రుజువు తెచ్చుకోవాలి. సంస్థ మూతపడితే ఆ రుజువు దొరకడం కష్టం కనుక దిగిన నెలలోనే తెచ్చుకోండి.

70 నిండినవారి కార్డు గురించి. దీన్ని 2024 అక్టోబరు 29న ప్రారంభించారు. ఆదాయం చూడరు, రేషన్ కార్డు అడగరు. కుటుంబంలో 70 దాటినవారందరికీ కలిపి ఏడాదికి 5 లక్షల చికిత్స. పాత జబ్బులకు మొదటి రోజు నుండే వర్తిస్తుంది. ప్రైవేటు బీమా ఉన్నవారూ, ఈఎస్ఐ ఉన్నవారూ తీసుకోవచ్చు. కాని కేంద్ర ప్రభుత్వ సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ వంటివి ఉన్నవారు ఆ పథకాన్నో, దీన్నో ఒక్కదాన్నే ఎంచుకోవాలి. వాటిలో మందులూ, బయటి వైద్యమూ కూడా ఉంటాయి. ఈ కార్డు ఆసుపత్రిలో చేరినప్పటికే. పక్కింటివారు తీసుకున్నారని తొందరపడి పాతదాన్ని వదులుకోకండి.

వయస్సుకు వారు చూసేది ఆధార్‌నే. మన పెద్దలలో చాలామందికి ఆధార్‌లో పుట్టిన తేదీ ఉజ్జాయింపుగా వేసినదే. విచారణ జ్ఞానస్నాన పుస్తకంలో అసలు తేదీ ఉండవచ్చు. ఒకసారి ఫాదరుగారిని అడిగి రెండూ పోల్చి చూడండి. తేడా ఉంటే, ఆధార్ సవరణకు ఏ పత్రాలు చెల్లుతాయో ఆధార్ కేంద్రంలో కనుక్కోవాలి. పుస్తకంలోని తేదీ దారి చూపుతుంది, అంతమాత్రాన కార్డు మారదు. మరొక ఇబ్బంది వేలిముద్రలది. మగ్గం మీద, నాగలి మీద అరిగిపోయిన వేళ్ళను యంత్రం గుర్తుపట్టదు. అప్పుడు ఫోనుకు వచ్చే అంకెతో గాని, కంటిపాపతో గాని, ముఖంతో గాని నమోదు చేయమని అడగాలి. ఆ ఫోను నంబరు ఆధార్‌కు కలిసి ఉండాలి కదా! విచారణలోని యువతీ యువకులు ఒక ఆదివారం పూజ తర్వాత బల్ల వేసుకుని కూర్చుంటే ఈ పని ఎందరికో తీరిపోతుంది. సందేహాలకు ఆయుష్మాన్ నంబరు 14555, ఆరోగ్యశ్రీకి 104.

ఇన్ని కార్డులున్నాక ప్రైవేటు బీమా ఎందుకని అడగవచ్చు. కార్డు ఉంటే చాలదు, ఆసుపత్రి దాన్ని తీసుకోవాలి. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదని తెలంగాణలోని నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్ని రోజులు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేసిన సంగతి మనకు తెలిసిందే. మన మూడు జిల్లాలకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, మహబూబాబాద్‌కు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో. అది మేలే. అయినా కొన్ని జబ్బులకు ఇంకా వరంగల్ ఎంజీఎంకో, హైదరాబాదుకో పరుగెత్తక తప్పదు. ఆ పరుగులో ఏ ఆసుపత్రి మెట్లెక్కుతామో ముందే చెప్పలేము.

ప్రైవేటు బీమాలో అసలు కీలకం గడువు. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకు గరిష్ఠంగా 36 నెలల దాకా డబ్బు రాకపోవచ్చు. 2024కు ముందు ఇది 48 నెలలు ఉండేది. కొత్త పాలసీకి నియమాలలో ఉన్న 65 ఏళ్ళ వయస్సు గీతను కూడా 2024లో తొలగించారు. అయినా ఏ కంపెనీ అయినా వైద్య పరీక్షలు చేసి, కాదనవచ్చు. కాబట్టి 61లో దిగేవాడు 57, 58లోనే పాలసీ మొదలుపెడితే, దిగేనాటికి ఆ నిరీక్షణ తీరిపోతుంది. అమెరికాలో పిల్లలున్నవారు అక్కడి మెడికేర్ గురించి వినే ఉంటారు. 1965లో చట్టమైన ఆ పథకంలో 65వ పుట్టినరోజు చుట్టూ ఏడు నెలల గడువు ఉంటుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే డాక్టరు ఖర్చుల భాగానికి ఒక్కో నిండు ఏడాదికి పది శాతం చొప్పున ప్రీమియం పెరుగుతుంది. ఇక్కడ అలాంటి జరిమానా లేదు. ఆలస్యానికి మన శరీరమే జరిమానా కడుతుంది.

అదనపు బీమాలో టాప్ అప్, సూపర్ టాప్ అప్ అని రెండున్నాయి. పేర్లు ఒకేలా ఉన్నా పని వేరు. మూడు లక్షల దాకా మీరే భరించాలి, ఆపై కంపెనీ ఇస్తుంది అనే పాలసీ అనుకుందాం. ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరి, రెండు లక్షల చొప్పున బిల్లయింది. టాప్ అప్ ఏ బిల్లుకు ఆ బిల్లే చూస్తుంది గనుక పైసా రాదు. సూపర్ టాప్ అప్ ఏడాది మొత్తం నాలుగు లక్షలు చూసి లక్ష ఇస్తుంది. మా దృష్టిలో వృద్ధులకు రెండోదే తగినది.

ఏజెంటును మరి రెండు ప్రశ్నలు అడగండి. గది అద్దెకు పరిమితి ఉందా? మన వాటా ఎంత? అద్దె పరిమితి రోజుకు 5,000 అయితే మీరు 8,000 గదిలో చేరారనుకోండి. గది, డాక్టరు, నర్సింగ్ కలిపి 1,60,000 బిల్లయితే, కంపెనీ అయిదుకు ఎనిమిది వంతున తగ్గించి లక్ష మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. మన వాటా 20 శాతం ఉంటే చేతికి వచ్చేది 80,000. మిగతా 80,000 ఇంటి నుండి తేవాలి. గది కిటికీ బాగుందని చేరితే ఇదీ ఖరీదు.

బీపీ, షుగరు ఉన్నదని రాస్తే పాలసీ రాదని దాచిపెట్టమనే ఏజెంట్లున్నారు. వినకండి. దరఖాస్తు మీద సంతకం మీది, ఆయనది కాదు. దాచిన జబ్బు ఆసుపత్రి కాగితాలలో బయటపడ్డ రోజున కట్టిన ప్రీమియం అంతా నీళ్ళలో పోసినట్టే. దరఖాస్తు నకలు తీసుకుని, పాలసీ అందాక 30 రోజుల్లోగా ఎవరిచేతనైనా చదివించుకోండి. నచ్చకపోతే ఆ లోపల తిరిగి ఇచ్చేయవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తివేశారు. రసీదులో ఆ పన్ను వేసి ఉంటే ఎందుకని అడగండి.

క్లెయిమ్ అన్యాయంగా నిరాకరించారని అనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తి కలిగించకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్ళవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్ళాలి. ఉత్తరాలను తేదీలతో సహా ఒక సంచిలో ఉంచండి.