స్విచ్చి ఆపినా షాకు ఎందుకు కొడుతుంది?

గోడ మీద బోర్డు ఉంటుంది. బోర్డులో ఒక స్విచ్చి, ఒక ప్లగ్గు. ప్లగ్గుకు మూడు కన్నాలు. పైన పెద్ద కన్నం ఎర్తుది. ఎదురుగా నిలబడి చూస్తే కుడి వైపుది ఫేజు, ఎడమ వైపుది న్యూట్రల్.

ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అది ఫేజు తీగలో వస్తుంది. ఆ తీగ ముందు స్విచ్చికి రావాలి. స్విచ్చి నుంచి ప్లగ్గుకు పోవాలి. అప్పుడు స్విచ్చి ఆపితే కరెంటు అక్కడే ఆగుతుంది.

కొందరు తొందరలో న్యూట్రల్ తీగను స్విచ్చికి కలిపేస్తారు. అలా కలిపినా మిక్సీ తిరుగుతుంది. స్విచ్చి ఆపితే ఆగుతుంది. అందుకే తప్పు ఎవరికీ తెలీదు. కానీ ప్లగ్గు దాకా కరెంటు వచ్చి కూర్చునే ఉంటుంది! నీళ్లు కాచే హీటరు లోపల చెడిందనుకోండి. ఎర్తు కూడా లేదనుకోండి. "స్విచ్చి ఆపాను గదా" అని బకెట్‌లో చెయ్యి పెడితే ప్రాణం మీదకొస్తుంది. పిన్ను ఊడదీశాకే బకెట్ ముట్టాలి.

ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ తీగ వాడాలి. కానీ చేతికి ఏది దొరికితే అది వేసేవాళ్లూ ఉన్నారు. రంగును నమ్మడానికి లేదు.

టెస్టరుతో చూపించమని కరెంటు మేస్త్రీని అడగాలి. స్విచ్చి వేసినప్పుడు కుడి కన్నంలో టెస్టరు వెలగాలి. స్విచ్చి ఆపితే ఆరిపోవాలి. ఎడమ కన్నంలో వెలగనే కూడదు. తేడా వస్తే తీగలు తారుమారు అయినట్టే. మెయిన్ ఆపి, బోర్డు విప్పి, మార్చి కలపమనాలి. డబ్బులు ఆ తర్వాతే ఇవ్వాలి.