తాళం ఎప్పుడివ్వాలి? విరాటరాజు గుర్రపుశాల నుంచి ఒక పాఠం



ఈ వారం వీడియోలో పాండవులు ఒక్కొక్కరుగా విరాటరాజు కొలువులో చేరడం చూశాం. ధర్మరాజు, భీముడు, ద్రౌపది, అర్జునుడు, వీళ్ల గురించి చెప్పేసరికే టైం అయిపోయింది. నకులుడి ఘట్టం రెండు మాటల్లో దాటేశాం. కానీ ఆ చిన్న ఘట్టంలో ఒక పెద్ద ప్రశ్న ఉంది. మనకి ప్రాణంలాంటి జీవాన్ని, దాని సామానుని, నిన్న మొన్న పరిచయమైన మనిషి చేతికి ఎలా అప్పగించాలి?

ఈ రోజుల్లో గుర్రాలు ఎవరికున్నాయి అనుకోకండి. ఉద్యోగం కోసం నేను ఇంగ్లండ్‌లో ఉంటున్నాను కదా, ఇక్కడ నాకు తెలిసిన ఒక తెలుగు అక్కకి పదిహేడేళ్ల ఆడగుర్రం ఉంది. సరిగ్గా ఇదే ప్రశ్న ఆవిడ ముందుకొచ్చింది. అందుకే ఈ పాఠాన్ని ఆవిడ సమస్యతో కలిపి చదువుకుందాం.

షేరర్ అంటే ఎవరు?

ఇంగ్లండ్‌లో గుర్రాన్ని పెంచడం చాలా ఖర్చు, చాలా పని. ఎక్కువమంది తమ గుర్రాన్ని లివరీ యార్డులో, అంటే నెలకింత అని అద్దె కట్టే గుర్రపుశాలలో పెడతారు. ఎండైనా వానైనా రోజూ వెళ్లి చూసుకోవాల్సిందే. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకి వారంలో ఏడు రోజులూ కుదరదు. అప్పుడు ఇంకొకరిని కలుపుకుంటారు. వాళ్లు వారంలో రెండు మూడు రోజులు వచ్చి స్వారీ చేస్తారు, శుభ్రం చేస్తారు, ఖర్చులో కొంత ఇస్తారు. వాళ్లనే షేరర్ అంటారు. గుర్రం మాత్రం యజమానిదే.

మన అక్క దగ్గర ఇంతకుముందు ఒక షేరర్ ఉండేది. ఒకరోజు జీను కింద పడింది. ఆ అమ్మాయి దులిపి, మళ్లీ స్టాండు మీద పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. జీను లోపల చట్రం ఉంటుంది, దాన్ని ట్రీ అంటారు. అది విరిగినా పైనున్న తోలు చూస్తే తెలియకపోవచ్చు. కొన్ని వారాలు అదే జీను వేశారు. వీపు మీద చెయ్యి వేస్తే గుర్రం వణికిపోయే దాకా ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆ గుర్రం మీద ఎవరూ ఎక్కలేదు. ఇప్పుడు ఇంకో అమ్మాయి షేరర్‌గా చేరతానంటోంది. అక్క నన్ను అడిగింది: "ఏరా తమ్ముడూ, సామాను గది తాళం నంబర్ ఇవ్వాలా, వద్దా?"

ఆ గదిలో ఏముంది?

ట్యాక్ రూమ్ అంటే జీను, కళ్లెం, పగ్గాలు, రికాబులు, దుప్పట్లు దాచే గది. అక్కడున్న ప్రతి వస్తువూ గుర్రం ఒంటికి నేరుగా తగిలేదే.

జీను ఆ గుర్రం వీపుకి సరిపోయేలా అమర్చి ఉంటుంది. ఇంకో గుర్రానికి వేస్తే కుదరకపోవచ్చు. కళ్లెంలో ఒక రంధ్రం అటూ ఇటూ మార్చి చెప్పకపోతే, మర్నాడు ఎక్కినవాళ్లకి గుర్రం ఎందుకు తల విసురుతోందో అర్థం కాదు. రికాబు పట్టీ కుట్టు వదులైతే ఎక్కినవాళ్లు పడతారు.

రోగాలూ ఇలాగే వస్తాయి. స్ట్రాంగిల్స్ అని గుర్రాలకి వచ్చే ఒక అంటువ్యాధి ఉంది. జ్వరం వస్తుంది, ముక్కు కారుతుంది, గొంతు దగ్గర గడ్డలు కడతాయి. అది గుర్రం నుంచి గుర్రానికే కాదు, ఒకే బకెట్, ఒకే కళ్లెం, మనిషి చేతులు, బట్టల ద్వారా కూడా పాకుతుంది. తామర కూడా అంతే, మాలీషు బ్రష్షు చాలు. షేరర్ ఇంకో యార్డులో కూడా స్వారీ చేస్తుంటే ఈ విషయం మొదటి రోజే మాట్లాడుకోవాలి.

దాణా గది సంగతి ఇంకా జాగ్రత్త. ఎండబెట్టిన షుగర్ బీట్ నానబెట్టకుండా పెడితే గొంతులో అడ్డం పడొచ్చు. ప్రేమ కొద్దీ గింజలు ఎక్కువ పెడితే డెక్కల్లో లామినైటిస్ వచ్చి గుర్రం నిలబడలేకపోవచ్చు.

అంటే ఆ తాళం వెనక ఉన్నది గుర్రం ఆరోగ్యం. ఇంగ్లండ్ చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోదు. 2006 జంతు సంక్షేమ చట్టం ప్రకారం యజమాని ఎప్పుడూ బాధ్యుడే. "ఆ రోజు షేరర్ చూసుకుంది అండి" అన్నంత మాత్రాన ఆ బాధ్యత పోదు.

మొదటి పాఠం: ముందు చూడు, తర్వాత అడుగు

ఇప్పుడు విరాటపర్వానికి వద్దాం. నకులుడు వచ్చీ రాగానే రాజు దగ్గరికి వెళ్లి ఉద్యోగం అడగలేదు. గుర్రాలను పరిశీలనగా చూస్తూ రాజు కంటపడ్డాడు. ఇతనెవరో గుర్రాల సంగతి తెలిసినవాడే అని విరాటుడు అనుకుని పిలిపించాడు. అంటే మాట కన్నా ముందు పని కనపడింది.

అక్కకి నేను చెప్పింది ఇదే. కొత్త అమ్మాయి యార్డుకి వచ్చాక ముందు ఏం చేస్తుందో చూడు. నేరుగా జీను దగ్గరికి వెళ్తుందా, గుర్రం దగ్గరికి వెళ్తుందా? కాళ్లు తడిమి చూస్తుందా? డెక్కలు ఎత్తి చూస్తుందా? గుర్రం చెవులు వెనక్కి పెడితే గమనిస్తుందా?

తర్వాత విరాటుడు అడిగాడు. ఎక్కడి నుంచి వచ్చావు, ఎవరి మనిషివి, ఏం తెలుసు? ఇష్టపడిన మనిషినే అడిగాడు, గమనించండి. మనకి మొహమాటం ఎక్కువ. నచ్చిన మనిషిని ప్రశ్నలు అడగడం అవమానం అనుకుంటాం. కానీ నకులుడు నొచ్చుకోలేదు. ధర్మరాజు దగ్గర గుర్రాలను చూశానని, వాటి స్వభావం తెలుసని, పొగరుబోతు గుర్రాన్ని దారికి తేవడం, జబ్బుకి వైద్యం చేయడం వచ్చని వివరంగా చెప్పాడు. పని తెలిసినవాడికి ప్రశ్న భారం అవ్వదు.

రెండో పాఠం: అనుమానం వస్తే పైకి అను

అరణ్యపర్వంలో నలోపాఖ్యానం గుర్తుందా? నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడి గుర్రాలను చూస్తుంటాడు. దమయంతి స్వయంవరం కబురు వస్తుంది. ఒక్క రోజులో విదర్భ చేరాలి. బాహుకుడు బక్కగా ఉన్న గుర్రాలను ఎంచుకుని తెస్తాడు. రాజుకి అనుమానం వచ్చింది. ఇవి లాగుతాయా, నన్ను మోసం చేస్తున్నావా అని మొహం మీదే అడిగాడు. బాహుకుడు ఆ గుర్రాల సుడులు, లక్షణాలు వివరించి, వేరేవి కావాలంటే చెప్పండి, అవే కడతాను అన్నాడు. రాజు ఆ జవాబు విని, గుర్రాల సంగతి నీకే తెలుసు, కానియ్యి అని రథం ఎక్కాడు.

ఇందులో మూడు మెట్లున్నాయి. అడిగాడు, విన్నాడు, వదిలేశాడు. మనం సాధారణంగా మొదటి మెట్టు ఎక్కం, లోపలే దాచుకుంటాం. లేదా మూడో మెట్టు ఎక్కం, జవాబు సరిపోయినా అనుమానిస్తూనే ఉంటాం. జీను తీశాక వీపు మీద చెమట మరక ఒకవైపే ఉందనుకోండి, "ఇదేంటమ్మా?" అని అదే రోజు అడిగేయాలి. జవాబు సరిగ్గా ఉంటే అక్కడితో వదిలేయాలి.

మూడో పాఠం: మెట్టు మెట్టుగా ఇవ్వు

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు తెలిసిన భాషలో చెప్తాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే ప్రొడక్షన్ సర్వర్ అప్పగించం. వాళ్లు దొంగలని అనుమానం ఉండి కాదు. పనికి ఎంత కావాలో అంతే యాక్సెస్ ఇవ్వడం వాళ్లకీ రక్షణే. ఏదైనా తేడా వస్తే ముందు వాళ్ల మీదికి రాదు. అక్క, నేను కూర్చుని రాసుకున్నది ఇది:

1. మొదటి కొన్ని వారాలు అక్క ఉన్నప్పుడే రావాలి. జీను వేయడం, తీయడం ఆ అమ్మాయే చేస్తుంది, అక్క చూస్తుంది.
2. తర్వాత అక్క యార్డులోనే ఉంటుంది కానీ పక్కన నిలబడదు.
3. తర్వాత ఒంటరిగా రావచ్చు. వాడాల్సిన సామాను ఒక పెట్టెలో విడిగా ఉంటుంది. కళ్లెం ఏ రంధ్రంలో ఉండాలో ఫోటో తీసి మూతకి అంటించాలి.
4. ఆ తర్వాతే గది నంబర్. దాణా గది అన్నిటికన్నా చివర.
5. ఒక నోటు పుస్తకం. ఏం వాడారు, ఏం తెగింది, ఏం పడింది, అన్నీ ఇద్దరూ రాయాలి.
6. హెల్మెట్ ఎవరిది వాళ్లదే. గట్టి దెబ్బ తగిలితే మార్చాల్సిందే.

వీటితో పాటు కాగితం మీద ఒప్పందం. ఏ రోజులు, ఎంత డబ్బు, సామాను పాడైతే ఖర్చు ఎవరిది, బీమా ఎవరిది, ఇంకెవరినైనా ఎక్కించవచ్చా, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. బ్రిటిష్ హార్స్ సొసైటీ కూడా రాతపూర్వక ఒప్పందం ఉండాలనే చెబుతుంది. విడిపోయిన రోజున తాళం నంబర్ మార్చేయాలి, కోపం లేకుండా, అనుమానం లేకుండా, లెక్క ప్రకారం.

ఒక చిక్కు ప్రశ్న

"నకులుడు చెప్పిన పేరు అబద్ధం కదా! గ్రంథికుడు అన్నాడు, తిక్కన గారి తెలుగులో దామగ్రంథి. నలుడూ బాహుకుడిగానే ఉన్నాడు. మరి రాజులిద్దరూ మోసపోయినట్టేగా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. పేర్లు మారువే, కానీ గుర్రాల గురించి వాళ్లు చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. మనం మాత్రం పేరు, ఫోన్ నంబరు, పాత యజమాని మాట, అన్నీ కనుక్కోవాల్సిందే, మనది అజ్ఞాతవాసం కాలం కాదు. అయితే చివరికి నిలబెట్టేది పని దగ్గర నిజమే. పాత షేరర్ పేరు, ఊరు అన్నీ నిజమే. జీను పడిందన్న ఒక్క మాట దాచింది. అందుకే అక్కతో అన్నాను: వస్తువు పాడుచేయని మనిషి కోసం వెతక్కు, పాడైతే ఆ సాయంత్రమే ఫోన్ చేసే మనిషి కోసం వెతుకు. అలా ఫోన్ వచ్చిన రోజు నువ్వు కేకలేయకు. కేకలేస్తే రెండోసారి ఫోన్ రాదు.

నిక్షేపం

నలుడి కథలో చివరి మాట ఒకటుంది. దారిలో ఋతుపర్ణుడు తనకు తెలిసిన అక్షహృదయాన్ని, అంటే పాచికల విద్యని, బాహుకుడికి అక్కడికక్కడే ఇచ్చేశాడు. బదులుగా రావాల్సిన అశ్వహృదయాన్ని మాత్రం నీ దగ్గరే నిక్షేపంగా ఉండనీ అన్నాడు. తర్వాత అసలు పేరు బయటపడ్డాక, తెలియక నీ పట్ల ఏమైనా తప్పు చేశానా అని రాజే నలుణ్ణి అడిగాడు. ఏమీ చేయలేదని చెప్పి నలుడు ఆ విద్యని రాజుకి అప్పజెప్పాడు. యజమాని పనివాణ్ణి పరీక్షించినట్టే తననీ పరీక్షించుకున్నాడన్నమాట. అక్క కూడా ఆ అమ్మాయికి తన వంతు చెప్పాలి: గుర్రానికి ఏదంటే భయం, ఎక్కడ తంతుంది, పోయినసారి వీపుకి ఏమైంది. దాచిపెట్టి అప్పగిస్తే అది అప్పగించడం అవ్వదు.

ఇప్పటికి ఆ అమ్మాయి రెండో మెట్టు మీద ఉంది. పోయిన ఆదివారం నోటు పుస్తకంలో ఆమె చేతిరాతతో ఒక లైను కనపడింది: ఎడమ రికాబు పట్టీ కుట్టు రెండు చోట్ల వదులైంది, ఈ రోజు ఎక్కలేదు. అక్క ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపింది.

ఈ వారం అభ్యాసం: మీ ఇంట్లో, ఆఫీసులో, మీరు ఎవరికైనా అప్పగించాల్సింది ఒకటి ఎంచుకోండి. వంటింటి తాళమైనా సరే, నాన్నగారి మందుల డబ్బా అయినా సరే. అది ఇచ్చే ముందు ఏం చూడాలి, ఏం అడగాలి, మీ వంతుగా ఏం చెప్పాలి, మూడూ ఒక కాగితం మీద రాయండి. వచ్చే వారం సహదేవుడు, విరాటుడి గోవులు. అప్పటిదాకా సెలవు. శుభం.