పాత పది, కొత్త పన్నెండు: ఒకే డిక్కీలో రెండు సబ్‌ఊఫర్లు

పాత కారులోంచి ఊడదీసిన పది అంగుళాల సబ్‌ఊఫర్ ఇంట్లో ఓ మూల పడి ఉంటుంది. కొత్త కారుకని పన్నెండు అంగుళాలది కొంటాం. పాతదాన్ని పారేయడానికి చేతులు రావు. రెండూ డిక్కీలో పెడితే బేస్ రెట్టింపవుతుందనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. బిగించి పాట పెడితే, ఒక్కదానితో వచ్చిన మోత కూడా రాలేదు. పది నిమిషాలకు డిక్కీలోంచి వార్నిష్ కాలిన వాసన మాత్రం వచ్చింది.

ఎద్దునూ దున్నపోతునూ ఒకే కాడికి కట్టి దున్నే పని ఇది. ట్యూనింగుతో ఆ రెండూ జత కావు. బలం తక్కువదాన్ని మాడిపోకుండా కాపాడుకోవడం వరకే ట్యూనింగు చేయగలిగేది.

ముందు లేబులు చదవండి. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో కనిపించే వాట్లను చూసి మురిసిపోకండి, అవి క్షణకాలం తట్టుకునే లెక్క. మనకు కావలసినవి చిన్నక్షరాల్లో ఉండే ఆర్‌ఎంఎస్ వాట్లు, పక్కనే ఓములు. నా పాతది 2 ఓములు, 200 వాట్లు. కొత్తది 4 ఓములు, 500 వాట్లు. లేబులు చిరిగిపోయి ఉంటే మల్టీమీటరుతో కాయిల్ కొలవండి. అసలు ఓముల కంటే మీటరు కాస్త తక్కువే చూపిస్తుంది, అది మామూలే.

ఇలాంటి రెంటినీ ఒకే ఛానెల్‌కు పారలల్‌గా కలపకండి. కలిపితే యాంప్ మీద పడేది 1.33 ఓముల లోడు. 2 ఓముల వరకే తట్టుకునే యాంప్ అయితే ప్రొటెక్షన్‌లోకి పోతుంది, లేదంటే మాడుతుంది. గట్టి యాంప్ అయినా తిప్పలు తప్పవు. అది 600 వాట్లు ఇస్తే అందులో దాదాపు 400 తక్కువ ఓములున్న పాతదానికే పోతాయి. 200 మోసేదాని నెత్తిన 400! కొత్తదేమో తీరిగ్గా ఊగుతూ ఉంటుంది. నా డిక్కీలో వాసనకు కారణం ఇదే. సిరీస్‌లో కలిపితే వాటా తిరగబడుతుంది కదా అని కొందరంటారు. కాగితం మీద నిజమే. కానీ లేబులు మీద రాసిన ఓములు స్థిరంగా ఉండవు, స్వరాన్ని బట్టి మారతాయి. రెండూ వేర్వేరు రకాలు కాబట్టి ఒక్కో స్వరానికి ఒక్కో వాటా పడుతుంది. దేనికి దానికి విడి ఛానెల్ ఇవ్వండి, వీలైతే విడి యాంప్. అంత ఖర్చు వద్దనుకుంటే ఒకటి తీసేయండి. నన్నడిగితే తీసేయడమే మేలు.

రెంటినీ ఒకే గాలి గది ఉన్న బాక్సులో పెట్టకండి. పెద్ద కోన్ లోపలికి వెళ్లినప్పుడల్లా ఆ ఒత్తిడికి చిన్న కోన్ బయటికి తన్నుకొస్తుంది. మధ్యలో గాలి చొరబడని గట్టి అడ్డుచెక్క ఉండాలి. ఒకటి సీల్డ్ బాక్సు, ఇంకొకటి పోర్టు బాక్సు అయితే ఇంకో చిక్కు. పోర్టు బాక్సును 35 హెర్ట్జ్‌కు కట్టించారనుకోండి, అంతకంటే కింది స్వరాలకు లోపలి గాలి కోన్‌ను పట్టి ఉంచదు, అది పగ్గం తెగినట్టు ఊగుతుంది. ఆ ఛానెల్‌కు సబ్‌సోనిక్ ఫిల్టర్‌ను 30 దగ్గర పెట్టడం తప్పనిసరి. పైగా ఆ కింది స్వరాల్లో రెండు బాక్సులూ ఎదురెదురుగా పనిచేసి ఒకదాని మోతను ఒకటి మింగేస్తాయి. లో పాస్ ఫిల్టర్ రెంటికీ ఒకే అంకె మీద, ఒకే వాలు మీద ఉండాలి. 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి.

గెయిన్ మరను వాల్యూమ్ అనుకోకండి. ఎక్కువ కాయిళ్లు కాలేది ఇక్కడే. సబ్‌ఊఫర్ తీగలు విప్పేయండి, బేస్ బూస్ట్ ఆపేయండి, ఈక్వలైజర్ సమంగా పెట్టండి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక వరకు తిప్పి 50 హెర్ట్జ్ టోన్ పెట్టండి. గెయిన్‌ను అడుగు నుంచి మెల్లగా పెంచుతూ, యాంప్‌లో సబ్‌ఊఫర్ తీగలు బిగించే చోట ఏసీ వోల్టులు కొలవండి. వాట్లను ఓములతో గుణించి వర్గమూలం తీస్తే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. నా పాతదానికి 20 వోల్టులు, కొత్తదానికి 44.7. యాంప్ ఆర్‌ఎంఎస్ వాట్లు సబ్‌ఊఫర్ వాట్ల కంటే తక్కువైతే ఆ తక్కువ వాట్లతోనే లెక్క కట్టండి. బలం లేని యాంప్‌ను తిప్పుకుంటూ పోతే స్వరం కొసలు తెగి, కాయిల్‌లో వేడి పుడుతుంది.

తర్వాత పోలారిటీ. పెన్సిల్ బ్యాటరీ ప్లస్‌ను సబ్ ప్లస్‌కు క్షణం తాకించండి. రెండు కోన్‌లూ బయటికే కదలాలి. ఆ పైన డ్రైవరు సీట్లో కూర్చుని చిన్న మోతలో పాట వినండి. యాంప్ ఆపి, ఒకదాని తీగలు తారుమారు చేసి, మళ్లీ వినండి. ఏ పద్ధతిలో బేస్ నిండుగా ఉంటే దాన్నే ఉంచండి. డిక్కీ దగ్గర నిలబడి తీర్పు చెప్పకండి, అక్కడ వినిపించేది వేరు.

వోల్టేజి పడిపోకూడదని ఇంజిను ఆన్ చేసి ట్యూన్ చేస్తాం. ఆ పని సెల్లారులో, షట్టరు దించిన గ్యారేజీలో చేయకండి. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. టోన్ మోగుతుంటే అద్దాలు మూసిన కారులో కూర్చోకండి. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు భరించగల చెవికి, 100 దగ్గర పావుగంటే గడువు. బేస్ చెవికి మెత్తగా తగులుతుంది కాబట్టి ఆ గడువు దాటినట్టు తెలియదు. ఇక ఆసుపత్రులకు, బడులకు 100 మీటర్ల లోపు ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉండవచ్చు. రాత్రి 10 దాటాక వీధిలో ట్యూనింగు పెట్టుకోకండి.

తీగల సంగతి. రెండు యాంప్‌లు కలిసి 700 వాట్లు ఇస్తే బ్యాటరీ నుంచి 65 ఆంపియర్ల దాకా లాగుతాయి. 4 గేజ్ స్వచ్ఛమైన రాగి తీగ వేయించండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను అదే గేజ్ అని అంటగడితే తీసుకోకండి. ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. అది తీగను కాపాడటానికి, యాంప్‌ను కాదు. మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేయకండి, మధ్యలో వెండి కాగితం చుట్టకండి. ఇంజిను గోడలో తీగ దూరేచోట రబ్బరు గ్రోమెట్ ఉండి తీరాలి. ఎర్తింగ్‌ను సీటుబెల్టు బోల్టుకు కట్టకండి. రంగు గీకిన బాడీ రేకుకు, పొట్టి తీగతో కట్టండి. పసుపు తొడుగున్న తీగలు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోవద్దు. డ్రిల్ పెట్టే ముందు కారు కిందికి తొంగి చూడండి, చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు వెనుక సీటు కిందే ఉంటుంది. సీఎన్‌జీ కారైతే సిలిండరుకు గానీ దాని బ్రాకెట్టుకు గానీ యాంప్ బిగించకండి.

బాక్సును బెల్టుతోనో బోల్టులతోనో కదలకుండా కట్టండి. పాతిక కిలోల చెక్క పెట్టె, సడన్ బ్రేకు పడితే వెనుక సీట్లో పిల్లల వీపుల మీదికే వస్తుంది.

వారం తిరిగాక, అరగంట పాటలు పెట్టి ఫ్యూజు హోల్డరును, ఎర్తింగ్ బోల్టును చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేలు నిలవనంత వేడిగా ఉంటే స్టీరియో ఆపి, బ్యాటరీ మైనస్ విప్పి, అక్కడి స్క్రూలు మళ్లీ బిగించండి.