పార్శ్వపు తలనొప్పి – పగటినిద్ర

ఆదివారము ప్రొద్దెక్కువరకు నిద్రించిన ఉద్యోగి ఆనాడే తలపట్టుకొని కూర్చుండుట పెక్కు ఇండ్లలో చూచుచున్నదే. శివరాత్రినాడు ఉపవాసముండి జాగరణ చేసిన ఇల్లాలు మరునాడు వాంతులతో, కన్ను తెరవలేక, చీకటిగదిలో పండుకొనుటయు క్రొత్త కాదు. అతనికి నిద్ర ఎక్కువైనది. ఆమెకు నిద్రయు ఆహారమును కరవైనవి. ఇద్దరికిని వచ్చినది ఒకే వ్యాధి. దానినే పార్శ్వపు తలనొప్పి, ఒంటితలనొప్పి, మైగ్రేన్ అని వ్యవహరింతురు.

ఈ నొప్పి తరచుగా తలకు ఒక ప్రక్కన నాడి కొట్టుకొనునట్లు వచ్చును. రెండు ప్రక్కలను రావచ్చును. చికిత్స లేనిచో 4 గంటలు మొదలు 72 గంటలవరకు ఉండును. రోగి వెలుతురును, చప్పుడును సహింపజాలడు. పురుషులకంటె స్త్రీలలో ఇది సుమారు మూడు రెట్లు ఎక్కువ.

నిద్రతో దీనికి గల సంబంధము పూర్వులకు తెలియనిది కాదు. శిరోరోగ కారణములను చెప్పుచు చరకసంహిత పగటినిద్రను, రాత్రి మేల్కొనుటను రెంటిని పేర్కొన్నది. మెదడు అడుగుభాగమున నుండు హైపోథాలమస్ నిద్రను, మెలకువను, ఆకలిని వేళప్రకారము నడుపుచుండును. ఈ వ్యాధిలోను దానికి పాత్ర కలదని నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. సాయంకాలమే నిద్ర ముంచుకొనివచ్చి, తెల్లవారకముందే మెలకువ వచ్చు స్వభావమును, పార్శ్వపు తలనొప్పియు ఒకే జన్యుదోషముతో కలిసి వచ్చుచున్నట్లు 2013లో రెండు కుటుంబములయందు తెలిసినది.

ఇక పగటినిద్ర మాట. “మధ్యాహ్నము పండుకొంటిని, లేచుసరికి తలనొప్పి వచ్చినది” అని పలువురు చెప్పుదురు. అన్నివేళల నేరము నిద్రది కాదు. నొప్పికి కొన్ని గంటల ముందే, ఒక్కొక్కప్పుడు ముందురోజే, ఆవులింతలు, మగత, చిరాకు, మెడ పట్టివేయుట కనిపించును. ఆ మగతయే వ్యాధికి తొలిమెట్టు. పండుకొనకున్నను నొప్పి వచ్చియుండెడిదే.

కావున రెండు విధముల పగటినిద్రలను వేరుచేసి చూడవలెను. నొప్పి వచ్చినపుడు చీకటిగదిలో నిద్రించుట మేలు. పలువురకు, ముఖ్యముగా పిల్లలకు, ఆ నిద్రతోనే నొప్పి తీరిపోవును. దానిని సోమరితనమని ఇంటివారు నిందింపరాదు. నొప్పి లేని దినములందు సయితము భోజనముకాగానే గంట, రెండు గంటలు నిద్రించు అలవాటు వేరు. ఆ నిద్ర రాత్రినిద్రను కాజేయును. రాత్రి నిద్రపట్టదు, ఉదయము నొప్పి, మాత్ర, మరల మధ్యాహ్నము పడక. ఇట్లు నెలకు రెండుసార్లు వచ్చు నొప్పి వారమునకు మూడు నాలుగుసార్లు రాసాగును. నెలకు 10, 15 దినములు నొప్పిమాత్రలు మ్రింగువారికి ఆ మాత్రలే క్రొత్త తలనొప్పిని తెచ్చిపెట్టును.

దాదాపు నిత్యము తలనొప్పితో బాధపడుచున్న 43 మంది స్త్రీలపై అమెరికాలో జరిపిన పరీక్ష 2007లో వెలువడినది. కొందరికి నిద్రనియమములు చెప్పిరి: ప్రతిరాత్రి ఒకేవేళకు పండుకొని 8 గంటలు పడకపై ఉండుట, పడకపై చదువుట, టెలివిజన్ చూచుట మానుట, నిద్రకు 4 గంటల ముందే భోజనము ముగించుట, పగటినిద్ర మానుట. ఆ నియమములు పాటించినవారికి నొప్పి వచ్చు దినములు తగ్గినవి. ఇది చిన్న పరీక్ష. ఫలమంతయు పగటినిద్ర మానుటవలననే కలిగెనని చెప్పరాదు. అయినను ఖర్చులేని ఉపాయము గనుక ప్రయత్నింపదగినది.

మన ఎండకాలమున నడిమధ్యాహ్నము కన్ను మూయకుండుట కష్టమే. గ్రీష్మమున పగటినిద్రను ఆయుర్వేదమును అనుమతించినది. అట్టివారు 3 గంటలలోపల, 20 నిమిషములకు మించకుండ నిద్రింపవచ్చును. సెలవుదినమున కూడ రోజుటివేళకే లేవవలెను. నిత్యము ఉదయము కాఫీ త్రాగువారికి ఆదివారము అది ఆలస్యమైనను తల నొచ్చును. సాయంకాలపు కాఫీ మాత్రము రాత్రినిద్రను చెరచును. రాత్రిపాళీ పనివారు పగలు నిద్రింపక తప్పదు. వారు గది చీకటిచేసికొని, వేళ మార్చకుండ నిద్రింపవలెను.

ఒక నోటుపుస్తకమున నిద్రవేళలు, నొప్పి వచ్చిన దినములు, వేసికొన్న మాత్రలు రెండు నెలలపాటు వ్రాసి వైద్యునికి చూపుడు. బిగ్గరగా గురకపెట్టుచు ఉదయము తలనొప్పితో లేచువారు ఆ సంగతియు చెప్పవలెను. ఎన్నడు లేనంత తీవ్రమైన నొప్పి హఠాత్తుగా వచ్చినను, జ్వరముతో మెడ బిగిసినను, కాలుసేయి పడిపోయినను, మాట తడబడినను నిద్రతో తగ్గునని వేచియుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. 50 ఏండ్లు దాటినపిదప తొలిసారిగా తలనొప్పి మొదలైనవారును వైద్యపరీక్షను వాయిదా వేయరాదు.